సూరజ్‌పూర్‌లో అర వోల్టు

అరిగిపోయిన సెన్సర్‌ని విప్పి చూస్తే ఆ కారు ఏ రోడ్ల మీద తిరిగిందో చెప్పేయొచ్చు. మాట వరసకు అనడం లేదు. ఇంజిన్‌లోకి గాలిని వదిలే రెక్క ఎంత తెరుచుకుందో చెప్పే థ్రాటిల్ పొజిషన్ సెన్సర్ లోపల ఒక నల్లటి కార్బన్ పట్టీ విల్లులా వంగి ఉంటుంది. దాని మీద సన్నటి లోహపు వేళ్లు రాసుకుంటూ తిరుగుతాయి. డ్రైవరు రేస్ తొక్కితే అవి ముందుకు జరుగుతాయి, కాలు తీస్తే వెనక్కి వస్తాయి. కాలు ఎక్కడ ఎక్కువసేపు నిలిస్తే పట్టీ అక్కడ అరుగుతుంది. ఢిల్లీ ట్రాఫిక్‌లో పాకిన కార్లకు మొదట్లోనే, కాలు అలా ఆనించిన చోటే, గీత పడేది. నోయిడా-గ్రేటర్ నోయిడా ఎక్స్‌ప్రెస్‌వే వచ్చాక రోజూ ఎనభైలో ఒకే తీరున వెళ్లొచ్చే కార్లకు ఇంకాస్త పైన రెండో గీత పడడం మొదలైంది.

నా దగ్గర ఒక బిస్కెట్ల రేకు డబ్బాలో అలాంటివి నలభై దాకా ఉన్నాయి. ఒక్కొక్కదానికి చిన్న కాగితం అంటించి, ఏ కారుదో, ఎప్పుడు తీశానో రాసిపెట్టాను. మొదటిది 1997ది, చివరిది 2018ది. ఈ సూరజ్‌పూర్‌లో కార్లు తయారైన కాలంలో చాలా భాగం ఆ రెండు కాగితాల మధ్యే గడిచింది. ఫ్యాక్టరీ ఎప్పుడు పెట్టారు, ఎప్పుడు మూశారు అన్నది ఎవరైనా రాస్తారు. అక్కడి నుంచి బయటికొచ్చిన బండిని మీటరు చేతపట్టుకుని అర్థం చేసుకున్న వాళ్ల సంగతి కూడా ఎక్కడో ఒకచోట ఉండాలని నా కోరిక.

మాది గుడివాడ. ఐటిఐలో మోటార్ మెకానిక్ చదివి విజయవాడ ఆటోనగర్‌లో చేరాను. అక్కడ లారీల పనే ఎక్కువ. మా మేస్త్రి మాత్రం పెట్రోలు కార్లు చూసేవారు, అంబాసిడర్లు, ప్రీమియర్ పద్మినీలు. ఆయన దగ్గర మీటర్లూ లైట్లూ ఏమీ లేవు. పొడుగాటి స్క్రూడ్రైవర్ కొన ఇంజిన్‌కు, పిడి చెవికి ఆనించి వినేవారు. స్పార్క్ ప్లగ్ విప్పి దాని మొన రంగు చూసేవారు: నల్లగా మసిపడితే పెట్రోలు ఎక్కువ, తెల్లబడితే తక్కువ, ఇటుక రంగుంటే సరి. కార్బ్యురేటర్ మీద రెండు స్క్రూలు. ఒకటి రేస్ పెంచేది, ఇంకొకటి పెట్రోలు, గాలి పాళ్లు కుదిర్చేది. ఒకదాన్ని పావు చుట్టు తిప్పి, ఆగి విని, రెండోదాన్ని తిప్పాలి. "ఒరేయ్, బండి మాట్లాడుతోంది, నువ్వు కాసేపు నోరు మూసుకుని విను" అనేవారు. ఆ చెవి తప్ప వేరే ఆస్తి లేకుండా 1996లో జీటీ ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. మా బావ ఘజియాబాద్‌లో ఉండేవాడు. ఆయన తెలిసినవాళ్లకు చెప్పి సూరజ్‌పూర్‌లో ఒక వర్క్‌షాపులో పెట్టించాడు.

సూరజ్‌పూర్ ఉన్న గ్రేటర్ నోయిడాకు అప్పటికి ఆ పేరు కొత్త. 1991 జనవరి 28న ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం పారిశ్రామిక అభివృద్ధి సంస్థను ఏర్పాటు చేస్తూ ఆ పేరు పెట్టింది. వెడల్పాటి రోడ్లు గీశారు గానీ, వాటికి అటూ ఇటూ ఆవాల చేలే. అయితే సూరజ్‌పూర్‌లో బండ్ల ఫ్యాక్టరీలు ఆ పేరుకంటే పాతవి. 1985 ప్రాంతంలోనే డీసీఎం టొయోటా ఇక్కడ డైనా అనే చిన్న లారీలు తయారుచేసింది. అవి డీజిల్‌వి, వాటిలో నేను చెప్పే సెన్సర్ లేదు. 1985 నవంబరులో ఎస్కార్ట్స్ వాళ్లు యమహా ఆర్ఎక్స్100 తెచ్చారు, అదీ సూరజ్‌పూర్ బండే.

ఆర్ఎక్స్100 దగ్గర కాస్త ఆగాలి. అది టూ స్ట్రోక్ బండి. పెట్రోల్లో ఆయిలు కలిపి పోసే పని లేకుండా దానికి ఆటోల్యూబ్ అని విడిగా ఒక చిన్న పంపు ఉండేది. చేతి రేస్ తిప్పితే కేబుల్ రెండుగా చీలి, ఒకటి కార్బ్యురేటర్‌కి, ఇంకొకటి ఆ పంపుకి వెళ్లేది. రేస్ ఎంత తెరిస్తే ఆయిలు అంత పడేది. పంపు మీద ఒక గుర్తు ఉండేది, కేబుల్ సరిచేసి ఆ గుర్తుకు పిన్నును కలపాలి. కలవకపోతే ఇంజిన్ ఎండిపోతుంది, లేదంటే వెనక పొగ. సూరజ్‌పూర్ చుట్టుపక్కల పల్లెల కుర్రాళ్లు ఈ పనిలో నాకంటే ఎంతో నేర్పరులు. థ్రాటిల్ ఎంత తెరుచుకుందన్న సంగతి ఇంకొక భాగానికి తెలియాలి, అది తప్పు లేకుండా తెలియాలి. తర్వాత ఇరవై ఏళ్లు నేను చేసిన పనంతా ఇదే. వాళ్లు దాన్ని కేబుల్‌తో చేశారు, నేను వోల్టుతో చేశాను.

1995లో ఈ ఊరి కథ మలుపు తిరిగింది. ఆ ఏడు ఏప్రిల్ నుంచి నాలుగు మహానగరాల్లో కొత్త పెట్రోలు కార్లకు కాటలిటిక్ కన్వర్టర్ తప్పనిసరి చేశారు, సీసం లేని పెట్రోలు తెచ్చారు. అదే ఏడు టొయోటా స్థానంలో దేవూ వచ్చి సూరజ్‌పూర్‌లో సియెలో కారు మొదలుపెట్టింది. దాని బానెట్ ఎత్తితే కార్బ్యురేటర్ ఉండదు. అల్యూమినియం థ్రాటిల్ బాడీ, పక్కన నల్లటి ప్లాస్టిక్ ముక్క, దానికి మూడు వైర్ల కప్లర్.

నా ముందుకొచ్చిన మొదటి సియెలో పికప్ దగ్గర తడబడుతోంది. తొక్కిన వెంటనే ఒక క్షణం ఊపిరి బిగబట్టినట్టు ఆగి, తర్వాత దూకుతోంది. నాకు తెలిసిన జబ్బే. కార్బ్యురేటర్‌లో అయితే యాక్సిలరేటర్ పంపు పని చేయట్లేదని చెప్పేవాణ్ని. స్క్రూడ్రైవర్ పట్టుకుని వంగాను. తిప్పడానికి ఏమీ కనిపించలేదు. మా ఉస్తాద్ మీరట్ మనిషి, పెద్దాయన. నన్ను పక్కకు జరగమని, డాష్‌బోర్డు కింద ఉన్న ఒక కప్లర్‌లో రెండు పిన్నుల మధ్య వంచిన తీగ ముక్క పెట్టి తాళం ఆన్ చేశాడు. చెక్ ఇంజిన్ లైటు వెలిగి ఆరసాగింది. ఒకసారి, కాస్త ఆగి రెండుసార్లు: 12. అది మూడుసార్లు చెప్పింది, అంటే ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్ బతికే ఉందని. తర్వాత రెండుసార్లు, ఆగి మళ్లీ రెండుసార్లు: 22. థ్రాటిల్ సెన్సర్ వోల్టేజి తక్కువ. 21 వస్తే ఎక్కువ అని. మేస్త్రి మాట గుర్తొచ్చి ఒళ్లు జలదరించింది. బండి మాట్లాడుతుందని ఆయన అనేవారు, ఇక్కడ అది అంకెలతోనే మాట్లాడుతోంది.

ఆ ముక్క చేసేది చిన్న పనే. కంప్యూటర్ దానికి 5 వోల్టులు పంపుతుంది. రెండో వైరు ఎర్త్. మూడో వైరు మీద, థ్రాటిల్ ఎంత తెరుచుకుంటే అంత వోల్టేజి తిరిగొస్తుంది. పూర్తిగా మూసినప్పుడు సుమారు అర వోల్టు, పూర్తిగా తెరిచినప్పుడు నాలుగున్నర. అటు సున్నా దాకా, ఇటు ఐదు దాకా పోనివ్వరు, ఎందుకంటే వైరు తెగినా ఎర్త్ తగిలినా ఆ చివరలే వస్తాయి. ఆ రెండు ఖాళీలు ఉన్నందువల్లే కంప్యూటర్ తన సెన్సర్ పాడైందని పసిగట్టగలుగుతుంది. అర వోల్టు వచ్చిందా, డ్రైవరు కాలు తీశాడు, ఐడిలింగ్ చూసుకోవాలి. బండి వేగంలో ఉండగా అదే అర వోల్టు వచ్చిందా, దిగువకు జారుతోంది, పెట్రోలు పూర్తిగా ఆపేయొచ్చు. వోల్టేజి ఒక్కసారి ఎగిసిందా, కాలు గట్టిగా తొక్కాడు, పెట్రోలు ఎక్కువ కొట్టాలి. కాటలిటిక్ కన్వర్టర్ సరిగ్గా పని చేయాలంటే ఒక పాలు పెట్రోలుకు 14.7 పాళ్లు గాలి అన్న లెక్క తప్పకూడదు. చెవితో విని పావు చుట్టు తిప్పే మా పద్ధతికి ఆ లెక్క అందదు. కన్వర్టర్ రావడంతో కార్బ్యురేటర్‌కి రోజులు దగ్గరపడ్డాయి.

ఇది ఒక్కసారిగా పుట్టిన సాధనం కాదు. 1967లో ఫోక్స్‌వాగన్ 1600కి బాష్ పెట్టిన డీ-జెట్రానిక్ అనే పెట్రోలు ఇంజెక్షన్ ఏర్పాటులో థ్రాటిల్ దగ్గర ఒక స్విచ్చి ఉండేది. దానిలో దువ్వెన పళ్లలాంటి రాగి గీతలు, రేస్ తొక్కుతుంటే వేలు ఒక్కో పన్ను దాటినప్పుడల్లా కంప్యూటర్‌కి ఒక టిక్కు, ఒక టిక్కుకి కాస్త అదనపు పెట్రోలు. తర్వాతి ఎల్-జెట్రానిక్‌లో రెండే చుక్కలు: పూర్తిగా మూసి ఉంది, పూర్తిగా తెరిచి ఉంది. ఆ రెండిటి మధ్య కాలు ఎక్కడుందో అడుగడుగునా చెప్పగలిగింది కార్బన్ పట్టీయే. మన దగ్గరికి వచ్చేసరికి అది స్థిరపడిన వస్తువు.

సియెలో సెన్సర్‌ని తిప్పి సరిచేసే పని లేదు. దాని కంప్యూటర్ మూసినప్పటి వోల్టేజిని తానే నేర్చుకుంటుంది. సర్దే పని నాకు హోండా సిటీతో వచ్చింది. సూరజ్‌పూర్-కాస్నా రోడ్డు మీద హోండా ఫ్యాక్టరీలో 1997 డిసెంబరులో ఉత్పత్తి మొదలైంది, 1998 జనవరిలో సిటీ రోడ్డెక్కింది. నా జీవితంలో నేను చేసిన పెద్ద తప్పు ఆ కారు మీదే చేశాను.

ఆ బండి యజమాని రిటైరైన స్కూలు టీచరు. పొదుపు చేసుకున్న డబ్బుతో కొన్న కారు. చలికాలం పొద్దున స్లోలో వణుకుతోందని తెచ్చారు. థ్రాటిల్ బాడీ మీద తాళం నట్టుతో ఒక చిన్న స్క్రూ కనిపించింది. ఆటోనగర్ రోజుల్లో రేస్ పెంచే స్క్రూ అదే కదా అనుకున్నాను, నట్టు వదులు చేసి అర చుట్టు తిప్పాను. వణుకు పోయింది. ఆయన సంతోషంగా తీసుకెళ్లారు. రెండు వారాలకు తిరిగొచ్చారు. సిగ్నల్ దగ్గర ఆగితే రేస్ పైకీ కిందికీ ఊగుతోంది, మైలేజి పడిపోయింది. అది స్టాపర్ స్క్రూ. థ్రాటిల్ ఎంతవరకు మూసుకోవాలో ఫ్యాక్టరీలో కొలిచి నిలిపిన హద్దు. నేను ఆ హద్దును జరిపాను. కాలు తీసినా సెన్సర్ అర వోల్టుకు దిగట్లేదు, ఇంకా పైనే ఉంటోంది. కాలు రేస్ మీదే ఉందని కంప్యూటర్ అనుకుంటోంది. దిగువకు జారేటప్పుడు ఆపాల్సిన పెట్రోలు ఆపట్లేదు. అసలు జబ్బు థ్రాటిల్ రెక్క అంచున పేరుకున్న మసి. ఒక గుడ్డ, కాస్త క్లీనరు ఉంటే పోయేది. ఆ స్క్రూని వెనక్కి తెచ్చి సరైన చోట నిలపడానికి నాకు ఒక రోజంతా పట్టింది. ఆయన దగ్గర డబ్బు తీసుకోలేదు. ఆ రోజు నుంచి నా దగ్గర పని నేర్చుకున్న ప్రతి కుర్రాడికీ మొదట చూపించేది ఆ స్క్రూనే. చూపించి, దీన్ని ముట్టుకోవద్దని చెబుతాను.

ఇక సర్దడం. నాటి హోండాల్లో సెన్సర్‌ని బిగించిన స్క్రూలకు తలలు ఉండవు, బిగించాక విరిగిపోయేలా చేసినవి. కంపెనీ లెక్కలో అది విప్పేది కాదు. మేం హ్యాక్‌సా బ్లేడుతో ఆ మొండి తలకు అడ్డంగా గాడి కోసి, స్క్రూడ్రైవర్‌తో విప్పేవాళ్లం. లోహపు పొడి లోపల పడకుండా చుట్టూ తడి గుడ్డ చుట్టాలి. కొత్త సెన్సర్ చెవులకు రంధ్రం గుండ్రంగా కాక కోలగా ఉంటుంది, అందులోనే తిప్పుకునే వీలు. అయితే తిప్పేముందు చూడాల్సినవి ఉన్నాయి. బ్యాటరీ సరిగా ఉందా? సెన్సర్‌కి ఐదు వోల్టులు పూర్తిగా వస్తున్నాయా? ఎర్త్ వైరు మీద వోల్టేజి ఏమైనా మిగిలిపోతోందా? నా దగ్గరికి "సెన్సర్ పోయింది" అని వచ్చిన బండ్లలో చాలావాటికి సెన్సర్ బాగానే ఉండేది. ఇంజిన్‌కి బిగించిన ఎర్త్ చుట్టూ తుప్పు ఉండేది, లేదా ఎలుక వైరు కొరికి ఉండేది. కొత్తగా ఇళ్లు కడుతున్న సెక్టార్లలో, చేలు పోయిన ఎలుకలు చలికాలం వెచ్చదనానికి బానెట్ల కిందికి చేరేవి.

అన్నీ సరిగా ఉన్నాక, తాళం ఆన్, ఇంజిన్ ఆఫ్. కప్లర్ విప్పకుండా వెనకనుంచి సిగ్నల్ వైరు పక్కన సన్నటి గుండుసూది దూర్చి దానికి మీటరు తగిలించాలి. థ్రాటిల్‌ని తెరిచి టప్పున వదలాలి, అది నిజంగా వెళ్లి హద్దుకు తగలాలి కదా. అప్పుడు సెన్సర్‌ని వెంట్రుకవాసి తిప్పుతూ అర వోల్టు దగ్గర ఆపి స్క్రూ బిగించాలి. బిగించేటప్పుడు అది మళ్లీ జరుగుతుంది. 0.50 దగ్గర ఆపితే బిగించాక 0.56 చూపిస్తుంది. అందుకని ఒక స్క్రూ కొంచెం, ఇంకొకటి కొంచెం, మళ్లీ మొదటిది. ఎంత జరుగుతుందో చేతికి తెలిశాక ముందే 0.46 దగ్గర ఆపి, బిగింపుతో దాన్ని అర వోల్టుకు రానిచ్చేవాణ్ని. ఇంజిన్ వేడెక్కాక మరోసారి చూడాలి. చివరిగా అసలు పరీక్ష: పెడల్‌ని ఒక నిమిషం పట్టేంత నెమ్మదిగా కిందికి తొక్కించి ముల్లుని చూడడం. ముల్లు అంటున్నాను, గమనించండి. డిజిటల్ మీటరు సెకనుకు రెండు మూడుసార్లే అంకె మారుస్తుంది, పట్టీ అరిగిన చోట క్షణంలో వచ్చిపోయే తప్పు దానికి చిక్కదు. పాత మోట్వానే మీటరు ముల్లు మాత్రం అక్కడ ఉలిక్కిపడుతుంది. నా కుర్రాళ్లు నవ్వినా ఆ మీటరు నేను వదల్లేదు.

1999 ఏప్రిల్‌లో ఎం.సి. మెహతా వేసిన కాలుష్యం కేసులో సుప్రీంకోర్టు ఆదేశం వచ్చింది. రాజధాని ప్రాంతంలో కొత్త ప్రైవేటు కార్లకు ఆ జూన్ 1 నుంచి యూరో 1, మరుసటి ఏడు ఏప్రిల్ 1 నుంచి యూరో 2 ప్రమాణాలు ఉండాల్సిందేనని. మారుతి 800 కూడా ఇంజెక్షన్‌కి మారింది. అప్పటికే సూరజ్‌పూర్‌లో దేవూ మాటిజ్ తయారవుతోంది. సెన్సర్ లేని కొత్త పెట్రోలు కారు మా చుట్టుపక్కల కనిపించకుండా పోయింది. పని వెల్లువలా వచ్చింది, దాంతో పాటే ఒక చెడ్డ అలవాటూ వచ్చింది. లైటు వెలిగితే చాలు, కొలవకుండా సెన్సర్ మార్చేయడం. ఢిల్లీ కశ్మీరీ గేట్ విడిభాగాల బజారు నుంచి సంచుల్లో వచ్చిన సెన్సర్లలో కొన్నిటికి పట్టీ మొదటి నెలలోనే పొట్టు లేచేది. తుప్పు పట్టిన ఎర్త్ అలాగే ఉండేది, మనిషి మాత్రం రెండు నెలల పెట్రోలు డబ్బు పోగొట్టుకునేవాడు. రెండు నిమిషాల కొలతతో తేలే పనికి కూలివాళ్ల, టాక్సీవాళ్ల డబ్బు అలా పోతుంటే చూడలేకపోయేవాణ్ని. ఇప్పటికీ ఆ మాట తలుచుకుంటే కోపం వస్తుంది.

దేవూ కథ తొందరగా ముగిసింది. 2000 చివర్లో కొరియాలో మాతృసంస్థ దివాలా తీసింది. తర్వాత దాన్ని కొన్న జనరల్ మోటార్స్ సూరజ్‌పూర్ ఫ్యాక్టరీని తీసుకోలేదు. సియెలోలు, మాటిజ్‌లు కన్నవాళ్లు లేని పిల్లల్లా మా దగ్గరికొచ్చేవి. హోండా నిలబడింది. కానీ 2006లో ఇక్కడే తయారైన సివిక్‌తో, 2008 నాటి కొత్త సిటీతో యాక్సిలరేటర్ కేబుల్ పోయింది. పెడల్ దగ్గరే సెన్సర్లు, థ్రాటిల్‌ని తిప్పేది ఒక చిన్న మోటారు, అక్కడా ఒకదాని మాట ఒకటి సరిచూసుకునే జంట సెన్సర్లు. తిప్పడానికి స్క్రూ లేదు, అరిగే పట్టీ కూడా క్రమంగా పోయి అయస్కాంతంతో పని చేసేవి వచ్చాయి. స్కానర్ తగిలిస్తే తెర మీద శాతం కనిపిస్తుంది. అవి మంచి బండ్లు, ప్రాణానికి భద్రమైనవి. ఆ మార్పు రావాల్సిందే. 2020 డిసెంబరులో హోండా కూడా ఇక్కడ ఉత్పత్తి ఆపి రాజస్థాన్‌లోని తపూకరాకు వెళ్లిపోయింది. ఆ వారం పొద్దున పొగమంచులో ఆ గేటు ముందునుంచి వెళ్తూ బండి ఆపి కాసేపు నిలబడ్డాను.

సెన్సర్ మాత్రం బైకుల్లో బతికే ఉంది. 2008లో సూరజ్‌పూర్‌లోనే తయారైన యమహా ఆర్15లో ఇంజెక్షన్ వచ్చింది. థ్రాటిల్ సెన్సర్ తేడా చేస్తే 15 లేదా 16 అంకె చెబుతుంది. 2020 ఏప్రిల్‌లో బీఎస్ 6 కాలుష్య ప్రమాణాలు వచ్చాక ఇంజెక్షన్ మామూలు స్కూటర్లకూ చేరింది. చెట్టు కింద కూర్చుని పంక్చర్లు వేసే కుర్రాడికీ ఇప్పుడు ఐదు వోల్టుల సంగతి తెలియాలి.

డబ్బాలో చివరి సెన్సర్ 2018 ఫిబ్రవరిది. ఈ రాజధాని ప్రాంతంలో పదిహేనేళ్లు దాటిన పెట్రోలు కార్లు, పదేళ్లు దాటిన డీజిల్ కార్లు తిరగకూడదన్న మాట హరిత ట్రిబ్యునల్ ఆదేశాలతో 2014, 2015లో వచ్చింది. 2018 అక్టోబరులో సుప్రీంకోర్టూ దాన్ని ఖాయం చేసింది. ఆ తీర్పుకు కొన్ని నెలల ముందు, గడువు ఇంకో నెల ఉందనగా, 2003 నాటి సిటీ ఒకటి నా దగ్గరికి వచ్చింది. యజమాని మనవాడే, ఇక్కడే ఉద్యోగం చేసి ఊరికి వెళ్లిపోతున్నాడు. ఎన్‌ఓసి తీసుకున్నాడు, కారుని నెల్లూరు తీసుకెళ్లి అక్కడ రిజిస్టర్ చేయించుకుంటానన్నాడు. "తుక్కుకి ఇవ్వడానికి మనసొప్పలేదు మాస్టారూ. మా పాప దీంట్లోనే పెరిగింది. ఇంత దూరం పోతుందా అండీ?" అని అడిగాడు. పోతుందన్నాను. కాలు ఆనించిన దగ్గర చిన్న కుదుపు ఉంది. ముల్లు రెండు చోట్ల ఉలిక్కిపడింది. మంచి సెన్సర్ ఒకటి దాచి ఉంచాను, అది వేశాను. గాడి కోసి, తిప్పి, బిగించి, వేడెక్కాక మళ్లీ చూస్తే 0.49. అక్కడే వదిలేశాను.

బానెట్ లోపలివైపు తుడిచి, తెల్ల పెయింటు పెన్నుతో తెలుగులో రాశాను: కాలు తీస్తే 0.49, పూర్తిగా తొక్కితే 4.5, స్టాపర్ స్క్రూ ముట్టుకోవద్దు. నెల్లూరులో రేపు దీన్ని విప్పేవాడు చదువుకోవాలి కదా. వాళ్లు తెల్లవారుజామున బయలుదేరి పరీ చౌక్ దాటి యమునా ఎక్స్‌ప్రెస్‌వే వైపు తిరిగారు. ఆ రాత్రి పాత సెన్సర్ విప్పి లైటు కింద పెట్టి చూశాను. రెండు గీతలు ఉన్నాయి, ఒకటి ఢిల్లీది, ఒకటి ఎక్స్‌ప్రెస్‌వేది. కాగితం మీద తేదీ వేసి, నెల్లూరు వెళ్లింది అని రాసి డబ్బాలో పెట్టాను.